గుణం అడిగే పని

కాగితం మీద వాలిన దూదిపింజను తిమ్మయ్య ఊదలేదు. ఊదితే అది లేచిపోయి మరో రెండింటిని వెంటబెట్టుకొని వస్తుంది. చిటికెనవేలితో మెల్లగా అంచుకు జరిపి, కిందికి రాల్చి, కిటికీ అవతల నిలబడ్డ ఆడమనిషి వైపు తలెత్తాడు.

"ఉచ్చీరమ్మా, కాలు తగ్గిందా?"

"తగ్గినాది సామీ. మెట్లెక్కేటప్పుడే ఇంకా పీకుతాంది."

"అయితే పైన పని వద్దులే. ఈ వారం గింజల కాడ ఉండు."

ఉచ్చీరమ్మ కొంగు నోటికి అడ్డం కట్టుకుంటూ లోపలికి పోయింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఆదోని మార్కెట్ యార్డు వెనక, పత్తిలోంచి గింజ వేరుచేసే చంద్రశేఖర్ శెట్టి జిన్నింగ్ మిల్లులో పొద్దుటి పని ఇలాగే మొదలవుతుంది. కొత్త పత్తి వచ్చే రోజులు. యార్డు దారంతా బండ్లు, ముళ్లకంపలకు చిక్కుకున్న తెల్లటి పోగులు, పచ్చి గింజ వాసన.

తిమ్మయ్యది బక్కపలచటి శరీరం. నూనె రాసి వెనక్కి దువ్విన నెరిసిన జుట్టు, ముక్కు మీద ఎప్పుడూ కొద్దిగా జారి ఉండే కళ్లద్దాలు. డిగ్రీ అయ్యాక ఒక్క సీజనుకని గుమస్తాగా వచ్చి, అక్కడే నెరిసిపోయాడు. మనుషులను పనిలో పెట్టుకోవడం, ఎవరు ఏ పనికి సరిపోతారో చూడటం, గొడవ పడినవాళ్లను వేర్వేరు షిఫ్టుల్లో వేయడం ఆయన ఉద్యోగం. మిల్లులో ఆయన గురించి చెప్పుకునే కథ ఒక్కటీ లేదు. ఆయన కూడా అందుకు బాధపడలేదు.

ఈ రోజు మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎమ్మిగనూరు పోవాలి.

పని చెప్పింది శెట్టి గారి కోడలు శ్రీవల్లి. మిల్లు వాళ్లు ఎమ్మిగనూరులో రెండో యూనిట్ పెడుతున్నారు. దానికి మేనేజరు కావాలి. మునుపైతే శెట్టి గారు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించేవాడు. కాఫీ అయిపోయేలోపు తేల్చేసేవాడు. ఆ పద్ధతిలో తిమ్మయ్య లాంటివాళ్లూ దొరికారు. కిందటేడు పత్తి బేళ్లు కట్టే ప్రెస్సుకు ఇన్‌చార్జిగా చేరి, అరిచి అరిచి సీజను మధ్యలో సగం మంది కూలీలను పారదోలిన పెద్దమనిషీ దొరికాడు. ఆ దెబ్బతో శ్రీవల్లి పట్టుబట్టింది. ఈసారి పద్ధతిగా వ్యక్తిత్వ పరీక్ష పెట్టాలి, వచ్చిన ఫలితాన్ని మనిషిని ఎరిగినవాళ్ల మాటలతో సరిచూడాలి, అప్పుడే నిర్ణయం అంది. ఆ పరీక్ష నడపడం నేర్చుకు రమ్మని తిమ్మయ్యను హైదరాబాదు పంపింది.

వెళ్లేముందు తిమ్మయ్యకు నమ్మకం లేదు. వచ్చేటప్పుడు కుదిరింది. అక్కడ చెప్పిన సంగతులు కొత్తవేం కాదు. బాగా మాట్లాడేవాడు బాగా నడిపిస్తాడని లేదు. కష్టం వచ్చినప్పుడు మనిషి ఎటు తిరుగుతాడో చూడాలి. తనలో ఏ లోపమూ లేదనేవాడి జవాబులను రెండోసారి చదవాలి. వీటన్నిటి కంటే ఆయనకు నచ్చింది ఇంకొకటి ఉంది. శెట్టి గారి బంధువుకూ, మిషన్ల కాడ నిలబడే ఆడమనిషికీ అవే ప్రశ్నలు. ఎదుటి మనిషిని అంత శ్రద్ధగా అడగటమే ఒక మర్యాద అనిపించింది. ప్రశ్నలన్నీ ఇంట్లో వంటగది గట్టు మీద పెట్టుకొని తెలుగు చేశాడు. పైకి చదువుకొని, నోరు తిరగని చోట మళ్లీ రాశాడు.

చివరికి మిగిలింది ఇద్దరు. ఒకరు ఉదయ్, శెట్టి గారి తమ్ముడికి బావమరిది, ముప్ఫై దాటిన చలాకీ మనిషి. రెండోవారు గౌరి, ఆడవాళ్ల షిఫ్టు చూసుకునే సూపర్‌వైజరు. ఇద్దరినీ ఒకే గదిలో చెరో మూల కూర్చోబెట్టాడు.

"ఎవరైనా మీ తప్పు ఎత్తి చూపితే మీకు కోపం వస్తుందా?" అని ఒక ప్రశ్న. ఉదయ్ తలెత్తకుండా 'ఎప్పుడూ రాదు' మీద గీత పెట్టి తర్వాతదానికి పోయాడు. గౌరి పెన్సిల్ పట్టుకొని ఆగిపోయింది.

"వస్తాది సార్. ఆ పూటంతా ఉంటాది. మరుసటి దినం వాళ్లు చెప్పిందే చేస్తాను. దీనికి యాడ గీత పెట్టల్ల?"

పరీక్ష అయ్యాక కాగితాలు ఆయన చేతికిస్తూ, "ఇంత వయసొచ్చినాది, నువ్వు ఎట్లాంటి మనిషివని నన్ను ఎవరూ అడగలేదు సార్" అని, ఎవరో పిలిచినట్లు గబగబా వెళ్లిపోయింది.

ఫలితాలు వచ్చాయి. ఉదయ్ మాటతో ఆకట్టుకుంటాడు, కష్టం వస్తే ఇంకొకరి వైపు చూస్తాడు. గౌరికి బాధ్యత, నిలకడ నిండుగా ఉన్నాయి. ఒకచోట మాత్రం తేలలేదు. ముందుకొచ్చి గట్టిగా మాట చెప్పే గుణం ఆమెలో తక్కువా, లేక ఆదోనిలో దాన్ని బయటపెట్టే అవసరం రాలేదా? ఆమె ఇదివరకు పనిచేసిన చోట అడిగితేనే తెలుస్తుంది. ఈ రోజు సాయంత్రం జిన్నింగ్ మిషన్ల రోలర్లతో టెంపో ఎమ్మిగనూరు పోతుంది, ఎంపికైన మనిషి దాంట్లోనే పోయి మిషన్లు దించుకోవాలని శ్రీవల్లి చెప్పింది.

గౌరి ఎంపికైతే ఆదోని వదిలిపోతుంది. ఈ సంగతి తిమ్మయ్యకు మొదటినుంచీ తెలుసు.

భార్య శారద పోయినాక ఆయన మధ్యాహ్నం అన్నం తెచ్చుకోవడం మానేశాడు. ఒకరోజు కాటా గది నీడలో కూర్చున్న గౌరి, "సార్, జొన్నరొట్టె ఒకటి ఎక్కువైనాది" అంది. ఆ రొట్టె అప్పటినుంచి రోజూ ఎక్కువవుతూనే ఉంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. గోడకు చెరోవైపు ఆనుకొని తింటారు. ఆమె చెనక్కాయల పొడి ఇటు జరుపుతుంది, ఆయన నీళ్ల చెంబు అటు జరుపుతాడు. రోజు మొత్తంలో ఆ కాసేపు చెవుల్లో మిషన్ల మోత ఉండదు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. దారి పొడవునా ఎర్రనేల, నల్లనేల మారి మారి వచ్చాయి. ఒక ముసలామె దిగేదాకా డ్రైవరు విసుక్కోకుండా ఆగాడు. అలాంటివి చూసినప్పుడు తిమ్మయ్యకు ఆ పూటకు అది చాలనిపిస్తుంది.

ఎమ్మిగనూరులో నేతవాళ్ల వీధి. మొగుడు పోయినాక గౌరి హనుమన్న మగ్గాల షెడ్డులో నూలు పంచి, నేసిన బట్ట చూసి తీసుకునే పని చాలా ఏళ్లు చేసింది. షెడ్డు మూతపడ్డాకే ఆదోని వచ్చింది. హనుమన్న అరుగు మీద కూర్చొని ఉన్నాడు. లావుపాటి మనిషి, భుజాన తువాలు, కొనలు పైకి తిరిగిన మీసం.

"గౌరమ్మ గురించి రెండు మాటలు అడగాలని వచ్చినానప్పా. నేనొచ్చిన సంగతి ఆమెకు చెప్పొద్దు" అన్నాడు తిమ్మయ్య. పదవి పేరు ముందుగా చెప్పకూడదు. చెబితే జనం పదవికి తగ్గట్టు జవాబులు అల్లుతారని హైదరాబాదులో మరీ మరీ చెప్పారు.

హనుమన్న ఆయన్ను తలనుంచి కాలిదాకా చూశాడు. మీసం కింద చిరునవ్వు పుట్టింది. లోపలికి తిరిగి, "ఏమే, సాప ఎయ్యి. కొత్త గ్లాసులు తియ్" అని కేకేశాడు.

"కోపం ఎక్కువా?"

"కోపమా! ఆ యమ్మకు కోపమొస్తే మొగం ఎట్లుంటాదో మాకు తెల్దు సామీ."

"తన మాటే నెగ్గాలని పట్టుబడుతుందా?"

"ఛఛ! నోట్లో నాలుక లేని మనిసి. యాడ కూసోమంటే ఆడ కూసుంటాది."

"కష్టమొస్తే?"

"కండ్లనీళ్లు పెట్టుకొని ఒక మూలకు పోతాది. ఒకర్ని ఒక మాట అనదు. బంగారమప్పా!"

తిమ్మయ్య రాసుకున్నాడు. పక్కింట్లో అడిగాడు, ఎదురింట్లో అడిగాడు. అందరిదీ అదే మాట. గౌరి గొంతు గడప దాటదు. చెప్పిన పని చేస్తుంది, ఎదురు మాట్లాడదు. ఒక ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారు. ఇంకో ఇంట్లో వద్దంటున్నా కాఫీ ఇచ్చారు. తలుపు సందుల్లోంచి ఆడవాళ్లు తొంగి చూసి గుసగుసలాడుకున్నారు. రాసుకుంటున్నకొద్దీ లోపల ఏదో ముడి వదులైనట్లయింది తిమ్మయ్యకు. అది ఏ ముడో తెలిసి చెవులు వేడెక్కాయి.

చివర హుసేనమ్మ ఇల్లు. డెబ్బై దాటిన నేతగత్తె, చేతులు మాత్రం ఇంకా గట్టివి. ఆయన ఒకటి అడిగేలోపు ఆమె రెండు అడిగింది.

"ఇల్లు సొంతమా, బాడుగా?"

"సొంతమే. ఎందుకమ్మా?"

"పిల్లలు?"

"ఒక కూతురు. కోడుమూరులో కాపురం."

"అంటే ఇంట్లో నువ్వొక్కనివే." ముసలామె తృప్తిగా తలాడించి, ముందుకు వంగి గొంతు తగ్గించింది. "ఏం సిగ్గుపడాకప్పా. ఈ వయసులోనే తోడు కావల్ల. మా గౌరి నీ ఇంట్లో గొంతెత్తదు. ఉరుకుంద ఈరన్న సాచ్చి, దానికి నేను పూచీ."

తిమ్మయ్య చేతిలో ఆమె ఇచ్చిన కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. కొత్త గ్లాసులు, ఉగ్గాని, తలుపు సందుల్లో కళ్లు, హనుమన్న చిరునవ్వు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. గుణం అడగవచ్చిన కొత్తమనిషిని ఈ వైపు ఎవరైనా పెళ్లి మాటలకు వచ్చాడనే అనుకుంటారు. అడిగినవాడికి చెడ్డమాట ఒక్కటీ చెప్పరు. తమ నోటివల్ల సంబంధం చెడితే ఆ పాపం తమదే. ఆయన కూతురి కోసం కోడుమూరులో అడిగినప్పుడూ అంతే, అల్లుడిని దేవుడని చెప్పారు. అన్నీ తెలిసి, ఈ రోజు తట్టలేదు.

గ్లాసు తానే కడిగి బోర్లించి, దండం పెట్టి బయటపడ్డాడు.

బస్టాండులో ఆదోని బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చున్నాడు. ఒడిలో కాగితాలు. వాటిలో తన అబద్ధం ఒక్కటీ లేదు. అడగమన్నవే అడిగాడు, చెప్పిందే రాశాడు. ఇలాగే ఇస్తే చాలు. ఒక్క మాట ఎదురు చెప్పలేని మెతకమనిషి మిల్లును ఏం నడుపుతుందని శ్రీవల్లి తానే పక్కన పెడుతుంది. తనను తప్పు పట్టేవాళ్లుండరు. గౌరి ఆదోనిలోనే ఉంటుంది. రేపు కూడా కాటా గది నీడలో ఒక రొట్టె ఎక్కువవుతుంది.

ఇంజను మొదలైంది. తనకు కోపం వస్తుందని ఒప్పుకొని, దానికి గీత ఎక్కడ పెట్టాలని అడిగిన మనిషి గుర్తుకొచ్చింది. ఆమె తన గురించి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆమె పేరు మీద ఇన్ని అబద్ధాలు మూటగట్టుకొని తను పోతున్నాడు.

తిమ్మయ్య లేచాడు.

"ఏం పెద్దాయనా, ఎక్కేదానికీ తొందరే, దిగేదానికీ తొందరేనా?" అన్నాడు కండక్టరు.

"ఒక పని తప్పు చేసినానప్పా. దిద్దుకొని వస్తా."

హనుమన్న అరుగు దగ్గర అప్పటికే వీధి సగం చేరి ఉంది. తిమ్మయ్య చెప్పులు విడవకుండానే చెప్పేశాడు. పెళ్లి కాదు. పత్తి మిల్లు మేనేజరు ఉద్యోగం. నూరుమంది మీద పెత్తనం. గౌరి చేయగలదా, లేదా?

హనుమన్న పొట్ట పట్టుకొని నవ్వసాగాడు.

"మేనేజరా! ముందే సెప్పద్దా సామీ! పెండ్లి మాటలని నేను పులిని పట్టుకొని ఆవును సేసి కూసోబెడితి. ఆ కాగితాలు సించెయ్, సించెయ్!"

"అయితే పెండ్లి లేదా?" అంది హుసేనమ్మ.

"లేదమ్మా."

"మరి అంత తెల్లసొక్కా ఎందుకేసుకొని వచ్చినావప్పా?"

వీధంతా గొల్లున నవ్వింది. తిమ్మయ్య కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వు. నవ్వు తగ్గాక కొత్త కాగితం తీశాడు.

"మంచిది, గొప్పది అని చెప్పొద్దండి. ఏం జరిగిందో చెప్పండి."

హనుమన్న తువాలు భుజం మార్చుకున్నాడు. ఒకసారి వ్యాపారి తడిసిన నూలు అంటగట్టాడు. చీరలు తొందరగా కావాలని పైనుంచి ఒత్తిడి. ఏదో ఒకటి నేయండని హనుమన్నే చెప్పాడు. గౌరి మగ్గాలన్నీ ఆపించింది.

"నేను యజమానిని. నలుగురి ముందర నన్నే నిలదీసినాది. 'ఈ నూలు నేస్తే రేపు బట్ట ఎనక్కొస్తాది, కూలి ఎవరిస్తారు, నువ్విస్తావా?' అని. నాకు తిక్క లేసి ఇంటికి పోతిని. తెల్లారి వచ్చి సూస్తే, ఆ నూలు వ్యాపారి మొగాన కొట్టి మార్పించుకొని వచ్చినాది. తానూ ఒక మగ్గమెక్కి నేస్తాండాది. సీరలు యాళకు పోయినాయి. నన్ను మల్లా ఒక్క మాట అనలేదు. అదే నాకు శానా సిగ్గయింది."

ఇంకొకామె, పని నిదానమైన వాళ్లను షెడ్డులోంచి తీసేయకుండా వాళ్ల చేతికి తగిన పని ఎలా పంచిందో చెప్పింది. హుసేనమ్మ మాత్రం మూతి ముడుచుకొని కూర్చుంది.

"పెండ్లి కాదంటావు కాబట్టి సెప్తాండా. దానికొక రోగముండాది. అన్నీ తానే సేయల్ల. జరమొచ్చి పడుకున్నా పని ఇంకొకరి సేతికి వదలదు. ఒకసారి పడిపోతే మేమే మోసుకొనిపోయినాము."

తిమ్మయ్య దాన్ని కూడా అంతే శ్రద్ధగా, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

ఆదోని చేరేసరికి ఎండ వాలింది. శెట్టి గారు, శ్రీవల్లి ఆఫీసు గదిలో ఉన్నారు. తిమ్మయ్య మొదటి విడత కాగితాలు కూడా దాచలేదు. వీధివాళ్లు ఎలా పొరబడ్డారో ఉన్నదున్నట్లు చెప్పాడు. బస్సెక్కి దిగిన సంగతితో సహా. ఎందుకు ఎక్కాడో మాత్రం చెప్పలేదు. శ్రీవల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శెట్టి గారు దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏమప్పా తిమ్మయ్యా, ఈ వయసులో పెండ్లికొడుకువైనావా?" తర్వాత రెండో విడత విన్నాడు. నవ్వు ఆగింది. "యజమానినే నిలదీసిందా? అట్లయితే నన్నూ నిలదీస్తుంది."

"అవసరమొస్తే నిలదీస్తుంది సార్" అన్నాడు తిమ్మయ్య. ఆ గదిలో ఆయన గొంతు అంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు. "పరీక్షలో తేలనిది ఇదొక్కటే. ఇప్పుడు తేలింది. లోపం కూడా తెలిసింది కాబట్టి మొదటి రోజునుంచే పని పంచుకునే మనిషిని పక్కన పెడితే సరిపోతుంది. నా మాట అడిగితే గౌరమ్మే."

శెట్టి గారు కిటికీలోంచి బేళ్ల వైపు చూశాడు. "మా నాయన పోయినాక నన్ను నిలదీసినోళ్లు లేరు" అన్నాడు మెల్లగా. "ఉదయ్‌కేం చెప్పల్లమ్మా?"

"అమ్మకాలు ఆయనకిద్దాం మామయ్యా. ఆ పరీక్షే చెప్పింది, మాటతో మనిషిని ఒప్పించడం ఆయనకు వచ్చినంతగా మనలో ఎవరికీ రాదు" అంది శ్రీవల్లి. "తిమ్మయ్య గారూ, గౌరికి మీరే చెప్పండి."

టెంపోలో రోలర్లు ఎక్కిస్తున్నారు. గౌరి ఆయన చెప్పింది విని, రెండు చేతులతో చెంపలు పట్టుకొని కాసేపు నిలబడింది. ఏడవలేదు. గది దాకా పోయి గుడ్డసంచి సర్దుకొని, ముఖం కడుక్కొని వచ్చింది. అన్నావదినలు ఎమ్మిగనూరులోనే ఉన్నారు, ఉండటానికి ఇబ్బంది లేదు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పజెబుతూ, మధ్యలో తనంతట తానే ఆగింది. "సరే, మీకు తెల్దా ఏమి, మీరే చూసుకోండి" అంది. తిమ్మయ్యకు లోలోపల ధైర్యం కలిగింది.

టెంపో ముందు సీట్లో కూర్చొని ఆమె ఆయన్ను పిలిచింది.

"మా వదిన సరస్వతి ఫోన్ చేసినాది సార్, మధ్యాహ్నమే."

తిమ్మయ్య తలవంచుకున్నాడు. "అది పొరపాటు గౌరమ్మా."

"వీధంతా ఒప్పుకున్నారంట. మనిషి నిదానస్తుడు, కాఫీ గ్లాసు తానే కడిగిపెట్టినాడు అని హుసేనవ్వ ఒకటే మెచ్చుకుంటా ఉందంట." ఆమె కళ్లలో నవ్వు మెరిసింది. వెంటనే అది సర్దుకొని మెత్తబడింది. "మీరు మల్లా పోయి రాసుకున్న సంగతీ చెప్పినాది. ఆ తొలి కాగితాలే తెచ్చిస్తే నేను ఈడనే ఉందును, కదా సార్?"

"ఉందువు."

ఆమె ఇంకేమీ అడగలేదు. తల ఊపింది, అన్నీ అర్థమైన మనిషి ఊపినట్లు. "అన్నం తెచ్చుకోండి రేపట్నుంచి. యాళకు తినండి" అంది.

"తింటాను. నువ్వు పని ఇంకొకరికి వదలడం నేర్చుకో."

"నేర్చుకుంటాను."

టెంపో గేటు దాటి, యార్డు మలుపు తిరిగి, పత్తి బండ్ల మధ్య కనిపించకుండా పోయింది. తిమ్మయ్య గేటు దగ్గరే కొంచెంసేపు నిలబడ్డాడు. గుండెలో వెలితి ఉంది. వెలితి పక్కనే, ఒక పని సరిగ్గా చేసిన మనిషికుండే నెమ్మది కూడా ఉంది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కన సర్దుకున్నాయి.

షిఫ్టు దిగే సైరన్ మోగింది. ఆడవాళ్లు నెత్తిన పడ్డ దూది దువ్వుకొని, జడలు బిగించుకొని, ఒకరి వెనక ఒకరు గేటు దాటారు. మిషన్లు ఆగాయి. దీపాలు ఆర్పించడానికి తిమ్మయ్య లోపలికి పోయి స్విచ్ బోర్డు మీద చెయ్యి వేశాడు. బోర్డుకూ గోడకూ మధ్య సందులో గౌరి ఎర్ర ప్లాస్టిక్ దువ్వెన ఉండిపోయింది. దాని పళ్ల నిండా ఈ రోజు దూది, ఆ దూదిలో ఒక పొడవాటి వెంట్రుక, సగం నలుపు, సగం తెలుపు.